అరవై ఒక్క కొత్త పరిశ్రమలు

కంచెగూడ మున్సిపాలిటీ అయి మూడేళ్లయింది. అంతకుముందు అది ఔటర్ రింగ్ రోడ్డు అవతల నాలుగు గ్రామ పంచాయతీలు. నాలుగింటినీ కలిపి ఒక బోర్డు పెట్టగానే పట్టణం అయిపోయింది. కోకాపేట టవర్ల పై అంతస్తుల్లో నిలబడితే కంచెగూడ కనిపిస్తుంది. కంచెగూడలో ఎక్కడ నిలబడినా ఆ టవర్లే కనిపిస్తాయి. ఇంత దగ్గరి సంబంధం ఉన్న ఊళ్లో పరిశ్రమలు వెల్లువెత్తకపోవడం బాగాలేదని పైవాళ్లకు తోచింది. అరవై రోజుల్లో పారిశ్రామికాభివృద్ధి ప్రణాళిక పంపమని ఉత్తర్వు వచ్చింది.

కమిషనర్ సీతారామాంజనేయులుది కాకినాడ వైపు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్నది ఒక్కటే. వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపకూడదు, దాచుకోకూడదు, ఇంకొకరి బల్ల మీదికి పంపాలి. అలా ఆ కాగితం టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ ఉమాశ్రీ బల్ల మీదికి వచ్చింది. ఆమెది తణుకు. పన్నెండేళ్లుగా చందానగర్‌లో ఉంటోంది. రోజూ స్కూటీ మీద వచ్చిపోతుంది.

"ముందు ఇక్కడ ఇప్పుడేమున్నాయో ఒకసారి చూద్దామండి" అందామె.

"ఉన్నవి చూడటానికి ప్రణాళిక ఎందుకండీ, కళ్లు చాలు" అన్నాడు కమిషనర్. "ప్రణాళిక లేనివాటికి కదా."

లేనివాటి సంగతి బాగా తెలిసిన వాళ్లు హైటెక్ సిటీలో పద్నాలుగో అంతస్తులో ఉన్నారు. ఆ కన్సల్టెన్సీ నుంచి రవికిరణ్ అనే యువకుడు ఒకసారి కంచెగూడ వచ్చాడు. మున్సిపల్ ఆఫీసులో కొబ్బరినీళ్లు తాగాడు, బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఊరు చూస్తారా అని ఉమాశ్రీ అడిగితే, శాటిలైట్‌లో చూసేశామన్నాడు. ఆరు వారాలకి రెండు వందల పది పేజీల ప్రణాళిక వచ్చింది. అందులో చిప్‌ల ఫ్యాక్టరీ ఉంది, డ్రోన్ల పార్కు ఉంది, ఇన్నోవేషన్ ప్లాజా ఉంది, ప్లాజా మధ్యలో ఫౌంటెన్ ఉంది. నలభై ఏడో పేజీలో, ఓడరేవుకు దగ్గరగా ఉండటం కంచెగూడకు గొప్ప అనుకూలత అని కూడా ఉంది.

"ఓడరేవు మనకి లేదండి" అంది ఉమాశ్రీ.

కమిషనర్ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ చదివాడు. "వేరే ఊరి ముక్క వచ్చి పడినట్టుంది. తీసేయమనండి. లేదా దీర్ఘకాలిక లక్ష్యాల్లో పెట్టమనండి."

ప్రణాళిక ప్రకారం సర్వే నంబర్లు ఎనభై ఎనిమిది నుంచి తొంభై నాలుగు వరకు ఇన్నోవేషన్ ప్లాజా రావాలి. మ్యాపులో ఆ మేర అంతా బూడిద రంగు వేసి ఖాళీ రాతి నేల అని రాశారు. ఆ నేలలో ఏవైనా అనధికార కట్టడాలుంటే పదిహేను రోజుల్లో తొలగించుకోవాలని ఒక బహిరంగ నోటీసు కూడా ప్రణాళికతోపాటే తయారై వచ్చింది. ప్రణాళిక పంపాల్సిన గడువు దగ్గర పడింది. ఉమాశ్రీ మర్నాడు వెళ్లి చూడాలనుకుంటూనే ఆ రోజు సంతకం పెట్టింది. ఆ మర్నాడు వేరే మీటింగ్ వచ్చింది.

నోటీసు కరెంటు స్తంభాలకు అంటించిన రెండో రోజు పొద్దున్నే ఇద్దరు ఆమె గదిలోకి వచ్చారు. ఒకాయనకి యాభై దాటి ఉంటాయి. చొక్కా మీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న కంతలు. పేరు బాలనర్సయ్య. తొంభై ఒకటో సర్వే నంబరులో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతాడు. పక్కనున్న సక్కుబాయిది అట్టపెట్టెల షెడ్డు. స్విగ్గీ వాళ్ల పుణ్యమా అని ఆ పెట్టెలకు గిరాకీ తగ్గదు. ఆమె దగ్గర పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు.

బాలనర్సయ్య నోటీసు మడత విప్పి బల్ల మీద పెట్టాడు. "మేడం, ఇండస్ట్రీలు తెస్తున్నరంట. మంచిదే. గని, ఇండస్ట్రీ తెచ్చేటందుకు ఇండస్ట్రీ తీసెయ్యాలె అంటున్నరు. గదొక్కటి నాకు జర సమజ్ చెయ్యుండ్రి."

"మీకు పర్మిషన్ ఉందా అండి?"

"పంచాయతీ ఇచ్చిన కాయితం ఉన్నది. పంతొమ్మిదేండ్లయింది. మున్సిపాలిటీ అయినంక అది చెల్లదంటున్నరు. మేం గాడ్నే ఉన్నం మేడం, కాయితమే ముసలిదైంది."

సక్కుబాయి నోటీసు అడుగున వేలు పెట్టి చూపించింది. "సంతకం మీదేనా మేడం?"

"నాదే" అంది ఉమాశ్రీ.

"మీరెప్పుడన్న అటొచ్చిన్రా?"

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఉమాశ్రీని చాలామంది తిట్టారు, ఇద్దరు ముగ్గురు బెదిరించారు. వాటిల్లో ఏదీ ఇంత సూటిగా తగల్లేదు. అప్పుడే లేచి, స్కూటీ తీసి, వాళ్ల వెనకే వెళ్లింది.

ఖాళీ రాతి నేల మీద మట్టిరోడ్డుకి రెండు వైపులా రేకుల షెడ్లు. గ్రైండర్ల రొద. ఒకచోట ఏసీ డక్టులు, ఒకచోట లిఫ్టు తలుపులు, ఇంకోచోట రంగు వేసిన ఆఫీసు కుర్చీల కాళ్లు వరసగా ఎండలో ఆరుతున్నాయి. సరుకు ఎక్కించుకున్న ఒక డీసీఎం వ్యాన్ గుంతలో దిగబడితే ఆరుగురు తోస్తున్నారు. డ్రైవర్‌ని ఎక్కడికని అడిగితే, కోకాపేటకన్నాడు.

మూడో రోజు ఆమె వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని హైటెక్ సిటీకి వెళ్లింది. కింద సెక్యూరిటీ దగ్గర విజిటర్ కార్డు కోసం ఫోటోలు తీశారు. కంపెనీ పేరేంటని అడిగితే బాలనర్సయ్య, శ్రీ మల్లికార్జున ఇంజనీరింగ్ వర్క్స్, అని గట్టిగా చెప్పాడు. కార్డు మెడలో వేసుకుని కిందికి చూసుకున్నాడు.

"ఈ బిల్డింగుకు మస్తుసార్లు వచ్చిన మేడం. ఎప్పుడూ సామాన్ల లిఫ్టులనే తోలేది. ఈ తొవ్వ ఇయ్యాల చూస్తున్న."

పద్నాలుగో అంతస్తులో లిఫ్టు దిగగానే ఆయన ఆగిపోయాడు. అద్దాల మెట్ల పక్కన స్టీలు రెయిలింగ్ దగ్గరికి వెళ్లి, వంగి, ఒక కంబం మొదట్లో వేలితో రాసి చూశాడు. "గిది మాదే. నాలుగో కంబం కాడ వెల్డింగ్ సాపు లేదు. మల్ల జేస్త అంటే టైం లేదన్నరు."

రవికిరణ్ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. గోడంత తెర మీద మ్యాపు వేశాడు. ఉమాశ్రీ తాను తీసిన ఫోటోలు చూపించింది. అతను మ్యాపు దగ్గరికి లాగి చూసి, నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"సాఫ్ట్‌వేర్ అలా క్లాసిఫై చేసింది మేడమ్. రేకులు ఎండకి తెల్లగా మెరుస్తాయి కదా, బండ అనుకుంది. యాక్యురసీ తొంభై మూడు శాతం ఉంటుంది."

"మిగిలిన ఏడు శాతం మేమా సార్?" అన్నాడు బాలనర్సయ్య. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

"అలా కాదండీ. మీలాంటి వాళ్లకి కూడా ప్లాన్‌లో ప్రొవిజన్ ఉంది. ఫేజ్ త్రీలో స్కిల్ సెంటర్ వస్తుంది. మీ వాళ్లు అక్కడ వెల్డింగ్ నేర్చుకోవచ్చు."

సక్కుబాయి కాఫీ కప్పు కింద పెట్టింది. బాలనర్సయ్య రెయిలింగ్ వైపు ఒకసారి చూశాడు.

మ్యాపు మార్చాలంటే క్లయింటు నుంచి అధికారికంగా సమాచారం రావాలని రవికిరణ్ చెప్పాడు. క్లయింటు అంటే కంచెగూడ మున్సిపాలిటీ. అంటే ఉమాశ్రీ. తన ఊళ్లో ఏముందో తానే రాసి, ఆ ఊరు చూడని వాళ్లకి పంపితే, వాళ్లు దాన్ని అందంగా అచ్చువేసి తిరిగి తనకే ఇస్తారు. పద్ధతి అర్థమయ్యాక ఆమెకి పని తేలికైంది.

నోటీసు గడువును తన అధికారంలో ఉన్నంత మేరకు నెల పొడిగించి, ప్రణాళిక పంపడానికి కూడా పైనుంచి అంతే గడువు తెప్పించి, ఫారాలు అచ్చు వేయించింది. మూడు వారాలపాటు రోజూ మధ్యాహ్నం దాకా షెడ్లలోనే గడిపింది. మొదట్లో ఆమెను చూసి షట్టర్లు దించేవాళ్లు. సక్కుబాయి ముందు నడిచి, "ఫికర్ చెయ్యకుండ్రి, మేడం కూల్చనీకి రాలే, రాసుకోనీకి వచ్చింది" అని చెప్పాక ఎత్తేవాళ్లు. లెక్క తేలింది. అరవై ఒక్క షెడ్లు, ఏడు వందల నలభై మంది పనివాళ్లు. ఏం కావాలని ఫారం చివర ఒక ప్రశ్న పెట్టింది. ఒక్కరు కూడా ఇన్నోవేషన్ అడగలేదు. త్రీ ఫేజ్ కరెంటు, డ్రైనేజీ, డీసీఎం దిగబడని రోడ్డు. అరవై ఒక్క ఫారాల్లోనూ అవే మూడు.

ఆ నివేదిక తీసుకుని ఆమె కమిషనర్ గదికి వెళ్లింది. షెడ్లు తీసేస్తే ప్రణాళిక మీద తాను సంతకం పెట్టనని చెప్పాలని దారంతా మనసులో అనుకుంటూ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ చేస్తే ఎక్కడ వేస్తారో కూడా ఊహించుకుంది.

సీతారామాంజనేయులు నివేదిక మొదటి పేజీ చదివాడు. తర్వాత రెండు వందల పది పేజీల ప్రణాళిక తెరిచి లక్ష్యాల పట్టిక దగ్గర ఆగాడు. మొదటి సంవత్సరం: యాభై పరిశ్రమలు, ఆరు వందల ఉద్యోగాలు. ఆ అంకెల మీద ఒక వేలు, నివేదిక మీద ఒక వేలు పెట్టి కాసేపు అటూ ఇటూ చూశాడు.

"ఉమాశ్రీ గారూ, ఈ అరవై ఒకటీ ఎప్పుడొచ్చాయండీ?"

"పదేళ్లు, పదిహేనేళ్లు. కొన్ని ఇరవై ఏళ్ల నుంచీ ఉన్నాయండి."

"అది పంచాయతీ మాట. మన రికార్డుల్లోకి ఎప్పుడొచ్చాయి?"

"మన రికార్డుల్లో లేవండి. నేను ఇప్పుడే రాశాను."

"మరి, ఇప్పుడే వచ్చినట్టు కదా."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాబోయి ఆగింది. కమిషనర్ నవ్వడం లేదు. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ లక్ష్యమూ ప్రారంభించిన రోజే నూట ఇరవై రెండు శాతం పూర్తికావడం ఆయన చూడలేదు.

"ప్లాజా అవతలి బండల మీదికి జరపమనండి. అవి నిజం బండలే కదా? ఈ షెడ్లని కొత్త పారిశ్రామిక క్లస్టర్ అందాం. స్థాపించిన సంవత్సరం అని ఒక గడి పెట్టి, అందరికీ ఈ ఏడాదే వేయండి."

"అది అబద్ధం అవుతుందండి."

"ప్రణాళికలో అబద్ధం ఉండదండీ, అంచనా ఉంటుంది."

ఉమాశ్రీ కుర్చీలో కూర్చుంది. కాదంటే షెడ్లు పోతాయి. అవునంటే పంతొమ్మిదేళ్లు పోతాయి. షెడ్లలో మనుషులున్నారు, ఏళ్లలో ఎవరూ లేరు అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట పూర్తిగా నిజం కాదని తెలుసు.

"సంతకం పెడతానండి" అంది చివరికి. "త్రీ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్, డ్రైనేజీ, సిమెంటు రోడ్డు. ఈ మూడూ మొదటి దశలోకి రావాలి. ఫౌంటెన్ బదులు."

ఆయన నివేదిక మూసి ప్రణాళిక మీద పెట్టాడు. "కొత్త పరిశ్రమలకి సౌకర్యాలు ఇవ్వకపోతే ఎలాగండీ? పెట్టండి. ఫౌంటెన్ బొమ్మ మాత్రం ప్రణాళిక అట్ట మీద ఉండనివ్వండి."

రెండు నెలలకి ఒక ఫంక్షన్ హాల్లో సభ జరిగింది. కంచెగూడను నమ్మి పెట్టుబడులతో తరలివచ్చిన పారిశ్రామికవేత్తలకు స్వాగతం అని బ్యానర్ కట్టారు. తరలివచ్చిన వాళ్లంతా అరకిలోమీటరు నడిచి తరలివచ్చారు. ఒక్కొక్కరికీ శాలువా కప్పి సర్టిఫికెట్ ఇచ్చారు. బాలనర్సయ్య తన సర్టిఫికెట్ తీసుకుని, వేదిక దిగి, అక్షరం అక్షరం చదివాడు. తర్వాత హాలు బయట నిలబడి ఉన్న ఉమాశ్రీ దగ్గరికి వచ్చాడు.

"ఈ ఏడాదే పెట్టిన్నని రాసిన్రు మేడం."

"అలా రాయకపోతే షెడ్డు ఉండేది కాదండి."

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. చూపుడు వేలు పైకణుపు దాకానే ఉంది. "షెడ్డు పెట్టిన మూడో ఏడు కట్టర్ల పోయింది. మరి గీ వేలు ఏ సంవత్సరంల పోయిందని రాస్తరు?"

ఆమె తప్పయిందండి అంది, మెల్లగా. ఒక ఆఫీసరు నోటి నుంచి ఆ మాట వినడం ఆయనకు అలవాటు లేనట్టుంది. ఇబ్బందిగా పక్కకు చూశాడు.

సక్కుబాయి శాలువా మడిచి సంచిలో పెట్టుకుంటూ, "అన్నా, కాయితం తీసుకపోయి బీరువల పెట్టు" అంది. "గోడకు కొట్టకు. రేపు ఇంకొకడెవడన్న నోటీసు తెస్తే సూపియ్యనీకి పనికొస్తది. నీ వేలు సంగతి మాకందరికి ఎరుకే."

ఆయన సర్టిఫికెట్ గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

వానాకాలం మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. సిమెంటు రోడ్డు సగం పడింది. సీతారామాంజనేయులు అద్భుత ఫలితాలు సాధించినందుకు ప్రమోషన్ పొంది, మిగతా మున్సిపాలిటీలకు దారి చూపే పదవిలోకి వెళ్లాడు. రవికిరణ్ కంచెగూడ విజయం మీద ఒక ప్రెజెంటేషన్ తయారుచేసి ఏడు ఊళ్లకు పంపాడు. ఓడరేవున్న ఒక ఊరు కూడా అందులో ఉంది.

బాలనర్సయ్య కొత్త బెండింగ్ మెషిన్ కొని, నలుగురిని పనిలో పెట్టుకున్నాడు. దాన్ని మొదటిసారి నడిపిన రోజు ఉమాశ్రీకి తానే ఫోన్ చేశాడు. "కరెంటు మంచిగుంది మేడం. జర వచ్చి చూసిపోండ్రి" అన్నాడు. ఆమె వెళ్లింది. మందపాటి స్టీలు రేకు కాగితంలా వంగుతుంటే నిలబడి చూసింది. సక్కుబాయి పక్క షెడ్డు నుంచి టీ తెచ్చింది.

టీ తాగుతుండగా ఆఫీసు నుంచి ఫోన్‌లో ఉత్తర్వు కాపీ వచ్చింది. మొదటి ఏడాది స్ఫూర్తితో రెండో ఏడాది లక్ష్యాన్ని మొత్తం నూట ఇరవై పరిశ్రమలకు పెంచారు. ఉమాశ్రీ దాన్ని పైకి చదివి వినిపించింది.

సక్కుబాయి కాసేపు లెక్క వేసుకుంది. "గట్లయితే షెడ్డుకొకటి నడుమ అడ్డంగోడ కట్టుకుంటం మేడం. ఒక్కటి రెండయితది. రాసుకోండ్రి."

బాలనర్సయ్య పగలబడి నవ్వాడు. ఉమాశ్రీ నవ్వలేదు. ఈ మాట పై ఆఫీసులో ఎవరి చెవినైనా పడితే గోడలకు టెండర్లు పిలుస్తారని ఆమెకు తెలుసు. గ్లాసు కింద పెట్టి, డ్రైనేజీ పని ఎక్కడ ఆగిపోయిందో చూడటానికి వానలోకి నడిచింది.