మడత పెట్టని కాగితం

వన్‌టౌన్ చీరల కొట్టులో పొద్దుటినుంచి నిలబడి నిలబడి శివపార్వతి కాళ్లు కొయ్యబారిపోయాయి. ఇబ్రహీంపట్నం బస్సులో ఒక్క సీటు దొరికితే ఒట్టు. ఉసూరుమంటూ ఇంటికొచ్చేసరికి మొగుడు దుర్గాప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఎడంచేత్తో ఓ కాగితం ఊపుతున్నాడు.

ఇరవయ్యేళ్లు ప్రెస్సులో శుభలేఖలు కంపోజ్ చేసిన మనిషి. ఏడాది కిందట పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దకట్టింది. మొదట్లో చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు, పప్పుని పెరుగనేవాడు. ఇప్పుడు నయమేనంటాడు డాక్టరు. ఆ నయం నిజమో కాదో ఈవేళ తేలాలి. ప్రెస్సు ఓనరు వెంకటసుబ్బారావుగారు తన మనవరాలి మొదటి పుట్టినరోజుకి గ్రీటింగ్ కార్డు ఒకటి ఇంట్లోనే చేసి చూపించమన్నారు. బాగా వస్తే ఇంటిదగ్గరే పని ఇస్తానన్నారు.

శివపార్వతి కాగితం అందుకుంది. కింది సగంలో చేమంతిపూలు, పాప పేరు. ముచ్చటగానే ఉంది. పై సగం చూస్తే మాత్రం అక్షరాలన్నీ తలకిందులు!

"అయ్యో నా ఖర్మ! ఏంటండీ ఇది?"

"అది... అంతే," అన్నాడతను.

"అంతే ఏంటండీ? తిరగబడ్డ రాత ఎవరు చదువుతారు?"

అతను నోట్లో మాట కూడదీసుకునేలోగా ఫోను మోగింది. ఓనరుగారే. ఇంకొకరోజైతే కాస్త ఆగేదేమో. అలిసిపోయిన మనిషికి ఓపికెక్కడిది?

"ఇంకో ఆర్నెల్లు చూడండి సార్. ఈయన బుర్ర ఇంకా నిలకడగా లేదు. అక్షరాలు తిరగేసి కొడుతున్నారు."

"పోన్లేమ్మా, ఏం చేస్తాం. ఈ పని వేరేవాళ్లకి చెప్పుకుంటాను," అని ఆయన పెట్టేశారు.

దుర్గాప్రసాద్ అంతా విన్నాడు. ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. పడిపోయిన చేతిని రెండోచేత్తో ఎత్తి దానిమీద బరువుగా పెట్టాడు. పై సగాన్ని వెనక్కి మడిచి, గోటితో గీటు పెట్టాడు. మళ్లీ పుస్తకంలా పక్కకి మడిచి ఆమె ముందుకు తోశాడు.

పైన చేమంతులు. తెరిచింది. లోపల అక్షరాలు నిటారుగా, వరస తప్పకుండా ఉన్నాయి: 'తప్పటడుగుల తల్లికి తాతయ్య దీవెనలు.'

"మన ప్రింటరు... ఒకవైపే కొడుతుంది," అన్నాడు. "అందుకే... మడత."

రోజుకి వంద చీరలు మడతపెట్టే మనిషి. ఈ ఒక్క కాగితం మడిచి చూడాలని తోచలేదు! సిగ్గుతో చచ్చిపోయిందామె. ఫోను తీసి, అతనికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"సార్, కార్డు సరిగ్గానే ఉంది. మడవకుండా చూశాను."

"మరి బుర్ర నిలకడగా లేదన్నావు?"

"ఆయనది కాదండీ. నాదే."

ఓనరుగారు నసిగారు. "వేరేవాడికి చెప్పేశానే... సరే, రేపు పట్టుకురా, చూస్తాను."

"పొద్దున్నే కొట్టుకి వెళ్తూ ఇచ్చేస్తాను సార్," అని ఆమె కార్డు సంచిలో పెట్టుకోబోయింది.

దుర్గాప్రసాద్ ఎడంచెయ్యి చాపాడు.

"నువ్వొద్దు," అన్నాడు. ఏడాదిగా ఇంత స్పష్టంగా మాట పలకలేదతను. "నేనే తీసుకెళ్తాను."

ఆమె కార్డు అతని చేతిలో పెట్టింది.