ఊఁ కొట్టని కథ

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఏడో తరగతి దాకా చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకే రామగుండం స్టేషన్ నుంచి వారపత్రిక రాగానే, మగవాళ్లు డ్యూటీలో ఉండగానే, ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరేవాళ్లు. నేను సీరియల్ చదవాలి, అందరిలో పెద్దదైన కనకవ్వ ఊఁ కొట్టాలి. ఊఁ అనకుంటే కథ ముందుకు నడవకూడదు. ఒగ్గు కథకైనా అచ్చేసిన కథకైనా మాకదే కట్టుబాటు.

అది డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం. ఆ సీరియల్లో మృణాళిని అనే జమీందారు కోడలుంది. తెల్లటి బంగ్లా, గేటు మీద కాగితప్పూల తీగ. మొగుడు పట్నంలో ఎంతమందితో తిరిగినా రచయిత పల్లెత్తు మాట అనలేదు. ఆమె వీణ మాస్టారి మీద మనసు పడిందో లేదో, పేజీకో శాపం పెట్టాడు. వాడి చెయ్యి విరిగిపోను! డబ్బున్న ఇళ్లలో ఆడవాళ్లు తప్పు చేసి చావడానికే పుట్టినట్టు రాస్తారు. అయినా చదవకుండా ఉండలేకపోయేదాన్ని. చదువుతుంటే బొగ్గుపొయ్యి పొగలో ఆ బంగ్లా కళ్లముందు తేలుతూ ఉండేది.

కనకవ్వకు అది పొగలో కాదు, ఎదురుగానే ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఒక ఇంజినీరు దొర ఇంట్లో అంట్లు తోముతోంది. ఆ ఇల్లూ తెల్లదే, గేటు మీదా కాగితప్పూలే. దొర ఎప్పుడూ హైదరాబాదులోనే ఉంటాడు. దొరసాని మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని, రాని మనిషి కోసం చూస్తున్నట్టు చూస్తుంది.

"మా దొరసాని కతనే రాస్తుండు బిడ్డా," అంది కనకవ్వ. "చూడకుంట ఎట్ల రాస్తరు?"

"గది ఉత్త కత అవ్వా," అన్నాను. ఒక్కరూ నమ్మలేదు.

ఆ వారం మృణాళిని నిద్రమాత్రల సీసా చేతిలోకి తీసుకుంది. నేను ఆగాను. కనకవ్వ ఊఁ అనలేదు.

"ఆపు బిడ్డా. నేను ఊఁ అన్ననంటే మింగుతది."

పత్రిక మూసేశాను.

మర్నాడు కనకవ్వ దొరసాని అలమారలోంచి నిద్రమాత్రల సీసా తీసి కొంగున ముడేసుకుంది. గేటు దాటకముందే దొరసాని పిలిచింది. దొంగ అన్న పేరొస్తే ఇక ఏ బంగ్లా వాళ్లూ గడప తొక్కనివ్వరు, ఆమెకు మరో తిండి దారి లేదు. ఉన్నదంతా చెప్పేసింది.

దొరసాని ముందు నవ్విందట. తర్వాత కిటికీ దగ్గరికెళ్లి నిలబడిందట.

"ఆ కథ నేనూ చదువుతున్నాను," అందట చివరికి. "ఆమెకు ఇంకో దారి లేదనే అనుకున్నాను. సీసా నీ దగ్గరే ఉంచు కనకవ్వా. నేనడిగినా ఇవ్వకు."

ఇది చెబుతూ కనకవ్వ ఏడ్చింది.

మరుసటి వారం పత్రిక వచ్చింది. మొదటి పేజీలోనే మృణాళిని మాత్రలు మింగింది, ఆపైన అంతా రచయిత నీతులే. చుట్టూ ఆడవాళ్లు నా నోటి వంకే చూస్తున్నారు. కనకవ్వ కొంగుముడిని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

నేను పత్రిక మీద చూపు ఆనించి చదివాను: "మృణాళిని ఇల్లంతా వెతికింది. సీసా ఎక్కడా లేదు."

"ఊఁ," అంది కనకవ్వ.