వరసలో ముందున్న కాగితం

చీపురుపల్లిలో జీవరత్నం గారింట్లో పొద్దు ఇలా మొదలవుతుంది. ముందు కుటుంబ ప్రార్థన, ఆ తరువాత కాఫీ, ఆ తరువాత ఎవరో ఒకరు హాల్లోకి పరిగెత్తి ప్రింటరు ముందు నిలబడి "నాదే" అనడం. ఫోన్లోంచి పంపినా, కొడుకు పాల్ ల్యాప్‌టాప్‌లోంచి పంపినా, హాల్లోని పాత కంప్యూటర్లోంచి పంపినా ఆ ప్రింటరు వైఫై మీద బుద్ధిగానే అందుకుంటుంది. కానీ పంపినవాళ్లు ఎదురుగా వచ్చి తమదేనని ఒప్పుకుంటే తప్ప కాగితం వదలదు. గుసగుసగా అన్నా చాలు. కొందరిళ్లలో కుక్కర్లో పప్పు మూడు కూతలకి ఉడుకుతుంది, కొందరిళ్లలో నాలుగు కావాలి. దీని అలవాటు ఇది, అంతే.

ఆ ఆదివారం తెల్లవారి ఐదున్నరకి కోడలు రూబీ ఆరుసార్లు "నాదే" అంది. కాగితం రాలేదు. స్టాఫ్ నర్సు ఉద్యోగాలకి నాలుగేళ్ల తరువాత పడిన పరీక్ష ఆ రోజే. శ్రీకాకుళంలో ఎనిమిదిన్నరకల్లా లోపలుండాలి, ఆరుంబావుకి బస్సు. హాల్ టికెట్ రాత్రి పొద్దుపోయాక వచ్చింది. ఫోన్లో చూపిస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. స్టేషన్ దగ్గర నెట్ సెంటరు ఆదివారం తొమ్మిదయితేగాని తెరవరు.

"దీనికి ముందు ఇంకోటి ఉన్నాది," అన్నాడు పాల్ తెర చూసి. "విన్నపం అని పేరు. నిన్న సాయంత్రం ఏడింటికి ఈ పాత కంప్యూటర్లోంచే పంపీసారు. అది కదిల్తేగాని నీది రాదు."

పాత కంప్యూటరుకి పాస్‌వర్డు లేదు. ఇంట్లో ఉన్న నలుగురిలో ఎవరైనా కూర్చోవచ్చు. ఏడింటికి నలుగురూ ఇంట్లోనే ఉన్నారు.

విన్నపం అన్న మాట వినగానే అత్త జ్ఞానసుందరి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. మూడు వారాల కిందట చర్చి సంఘ పెద్దలకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా ఆరాధనలో పాట ఎత్తుకుంటున్న జీవరత్నం గారికి గొంతు పోయిందనీ, మొహమాటానికి ఎవరూ అనలేకపోతున్నారనీ, ఆయన కోడలు రూబీ బాగా పాడుతుంది కాబట్టి ఆమెకి ఇవ్వమనీ అందులో ఉంది. కింద 'ఒక విశ్వాసి' అని ఉంది. పెద్దలు దాన్ని ఇంటికి తెచ్చి చూపించారు. కాగితం ఎడమ అంచున సన్నటి నల్లగీత. ఆ గీత ఈ ఇంటి ప్రింటరు వేసేదే.

లాభం ఎవరికో ఉత్తరమే చెబుతోంది కదా! జ్ఞానసుందరి ఆ రోజు నుంచి కోడలితో మాటలు మానేసింది. పాల్ మాట్లాడుతున్నాడు గాని, భార్య ఫోను పట్టుకుంటే చాలు, వెనక నుంచి తొంగి చూస్తున్నాడు. ఎవరో తెలిస్తే వదలనని అందరికంటే గట్టిగా అరిచిన జీవరత్నం, ఆ తరువాత అన్నం సరిగా తినడం లేదు. అనుమానం జొరబడిన ఇంట్లో ఉప్పు డబ్బా పక్కకి జరిగినా ఎవరు జరిపారా అనిపిస్తుంది.

"రెండోది కూడా రాసీసిందన్నమాట," అంది జ్ఞానసుందరి గోడతో.

పాల్ విన్నపాన్ని వరసలోంచి తీసేశాడు. క్షణంలో మళ్లీ వచ్చి కూర్చుంది. రూటరు ఆపి వేశాడు. ప్రింటరు ప్లగ్గు పీకి వంద లెక్కపెట్టాడు. వైఫై వదిలేసి కేబులు పెట్టాడు. విన్నపం కదల్లేదు. గడియారం ఆరు దాటింది.

"ఎవరిదో సెప్పీండి, గొడవొదిలిపోద్ది," అన్నాడు, చూపు మాత్రం పెళ్లాం మీదే పెట్టి.

చెయ్యని తప్పు నెత్తినేసుకోవడం కంటే పరీక్ష పోవడమే పెద్ద నష్టమనుకుంది రూబీ. ప్రింటరు ముందుకి వెళ్లి, "సరే, విన్నపం నాదే," అంది.

ప్రింటరు కిక్కురుమనలేదు.

జ్ఞానసుందరి లేచి నిలబడింది. మనుషులు అబద్ధమాడతారు గాని, ఆ ప్రింటరు మాట మీద ఆవిడకి ఎప్పుడూ అనుమానం లేదు. కొడుకు చెయ్యి పట్టి ముందుకి లాగింది. "నువ్వేట్రా?"

పాల్ "నాదే" అన్నాడు. ఏమీ రాలేదు. రేపు తననెవరూ వేలెత్తి చూపకుండా ఆవిడ కూడా అంది. ఏమీ రాలేదు.

ముగ్గురూ జీవరత్నం వైపు తిరిగారు. ఆయన గుడికని తెల్లచొక్కా తొడుక్కుని, మెడ దగ్గర బొత్తంతో తంటాలు పడుతున్నాడు. వీధి చివర బస్సు హారన్ మోగి, దూరమైపోయింది. రూబీ చప్పుడు లేకుండా ఏడ్చింది.

"నాదే," అన్నాడు ఆయన.

ప్రింటరు వెంటనే కాగితం వదిలింది. జ్ఞానసుందరి పైకే చదివింది.

"సంఘ పెద్దలకు విన్నపం. మొన్నటి ఉత్తరం రూబీ రాసిందని వాళ్లింట్లో అనుమానిస్తున్నట్టు తెలిసింది. ఆ పిల్లకి ఏ పాపమూ తెలియదు. రాసింది నేనే. ఇట్లు, ఒక విశ్వాసి."

ఆవిడ కళ్లజోడు తీసేసింది. "మీకు సిగ్గునేదేటండీ? మూడు వారాలు ఆ పిల్లని సంపుకు తిన్నాం కదా!"

"మానేస్తానంటే పాస్టరు గోరు ఒప్పుకోలేదే. గొంతు పోనాదని నా నోటితో నానెలా సెప్పుకుంటాను? ఇది నిన్ననే తీద్దామనుకున్నాను. నువ్వు ఇక్కడే కూకుని కూర తరుగుతన్నావు."

రూబీ ఇంకోసారి "నాదే" అనగానే ఆ వెనకే హాల్ టికెట్ వచ్చింది. పాల్ బండి తాళాలు అందుకోబోతే తల్లి లాక్కుని మొగుడి చేతిలో పెట్టింది.

"ఒసే రూబీ, సెప్పులు తొడుక్కో. మీ మావ దింపుతారు."

"మరి గుడి?" అన్నాడు జీవరత్నం.

"గుడెక్కడికీ పోదు. ముందు పిల్లని దింపండి."

ఆ రోజు సంఘం ఆయన కోసం కాసేపు చూసింది. తరువాత వెనక వరసలో ఎవరో పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. బాగానే ఉందట.

పరీక్ష రాసి రూబీ బయటికొచ్చేసరికి ఆయన గేటు ఎదురుగా ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"ఎలా రాసావమ్మా?"

"బాగా రాసాను మావయ్యా."

ఆయన బండి తియ్యలేదు. "తప్పు సేసానమ్మా. నీ ముందుకి రాడానికి కూడా మొహం సెల్లక తిరిగాను." తరువాత అడిగాడు. "వచ్చే వారం నుంచి పాట నువ్వు ఎత్తుకుంటావేటి?"

ఉత్తరాల్లో ఆమె పేరు రెండుసార్లు పడింది గాని, ఆ మాట ఆమెని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"లేదు మావయ్యా. నాకు పాడుకోడం ఇష్టం. అందరి ముందూ నిలబడ్డం ఇష్టం లేదు."

జీవరత్నం తలూపి బండి స్టాండు తీశాడు.

"నాకూ అంతేనమ్మా," అన్నాడు. "నన్నూ ఎవరూ అడగలేదు."