మినహాయింపుల జాబితా

అప్పుడది అబద్ధం కాదు, వాయిదా. ఆ వారం పంపులు ఆసుపత్రులకు వెళ్ళిపోవాలి, వెళ్ళాక సరిచేద్దామనుకుంది. ఆరేళ్ళయినా ఆ తీరిక రాలేదు. వాయిదా ఏ రోజున అబద్ధంగా మారిందో త్సెంగ్ యూహ్వాకు ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి, రోజూలాగే, షించూ నగరంలోని ఆఫీసులో దీపాలు ఆర్పేశారు. అందరూ భోజనం డబ్బాలు పక్కకు తోసి, బల్లల మీదే తల వాల్చి కునుకు తీస్తున్నారు. ఆమె కూడా తల వాల్చింది. కళ్ళు మూస్తే ఆ నాలుగు వరుసలే కనిపిస్తున్నాయి.

ఇక్కడ తయారుచేసేది రోగికి చుక్కచుక్కగా మందెక్కించే పంపు. కొత్తది పరీక్ష గదిలో పదకొండు రోజులు నడిచి, నిన్న ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తప్పు జ్యాహోంగ్ అనే కొత్త కుర్రాడిదేనని అందరి అనుమానం. పంపు ప్రోగ్రాములో అలారం భాగం కొత్తగా రాసింది అతనే. అతని మూణ్ణెల్ల పరిశీలన గడువు ఇవాళ్టితో తీరుతుంది. దీపాలు వెలగగానే మేనేజరు పాన్ అతన్ని ఉంచడమో పంపడమో తేల్చేస్తాడు.

ఇక్కడ ఎవరు ఏం రాసినా ఒక పరీక్ష సాధనం కింద నడిపి చూస్తారు. ప్రోగ్రాము తను వదిలేసిన మెమరీ చోటును మళ్ళీ ముట్టుకుంటే అది పట్టేస్తుంది. పట్టకపోతే ఆ తప్పు ఎప్పుడో ఒకరోజు యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. దాన్ని ఈ ఆఫీసుకు తెచ్చింది యూహ్వానే. ఆమె రాసిన మోటారు భాగంలో ఎప్పుడూ తప్పులు సున్నా. అందుకే ఆమె 'సున్నా అక్క' అయింది. అక్కింట్లో అన్నం కూడా అడుగంటదని ఎకసెక్కాలాడతారు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు పొగడ్తకొచ్చిందో భయానికొచ్చిందో కొన్నాళ్ళకు ఆమెకే తెలియకుండా పోయింది.

ఆ సాధనానికి మినహాయింపుల జాబితా ఒకటుంది. బయటివాళ్ళు రాసిన కోడ్ లైబ్రరీల మీద అది గోలపెడితే, ఫలానా చోట నోరెత్తకని అందులో రాస్తారు. ఆరేళ్ళ కిందట తన సొంత కోడ్‌లో అది తప్పు పట్టినప్పుడు, యూహ్వా దాన్ని సరిచేయకుండా ఆ కోడ్ పేరే నాలుగు వరుసల్లో అందులో రాసింది. పైన 'బయటి లైబ్రరీ, ప్రమాదం లేదు' అని చేర్చింది. ఆ జాబితాను మరెవరూ తెరవరు.

ఈ తప్పు తనది కాకపోవచ్చు కదా. జ్యాహోంగ్‌కు ఎదురు వీధిలోనే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, వయసుంది. ఆలోచన ఎంత హాయిగా ఉందో గమనించి ఆమె బల్ల మీంచి తలెత్తింది.

దీపాలు వెలిగాయి.

సమావేశం గదిలో గోడ మీది పెద్ద తెర నిండా పరీక్ష ఫలితాల సున్నాలు. పంపు బుద్ధిగా నడవాలని ఇక్కడి నమ్మకం కొద్దీ దాని నెత్తిన ఉంచే ఆకుపచ్చ కొబ్బరి చిరుతిళ్ళ ప్యాకెట్‌కు గడువు దాటిందేమో చూశారా అని పాన్ నవ్వకుండానే అడిగాడు. ఇంకా రెండు నెలలుందని ఎవరో చెప్పారు.

"ప్యాకెట్ తప్పు లేదు, సున్నా అక్క తప్పు లేదు. ఇక మిగిలింది నువ్వేనయ్యా," అన్నాడు పాన్.

ఎవరో కిసుక్కుమన్నారు. జ్యాహోంగ్ నవ్వలేదు. పాన్ ముందుకు తోసిన తొలగింపు కాగితాన్ని చూస్తూ యూహ్వా వైపు తిరిగాడు.

"నా కోడ్ ఇరవైసార్లు చదువుకున్నానక్కా. ఏమీ దొరకలేదు. తప్పు నాదేనని మీరనండి, సంతకం పెట్టేసి వెళ్ళిపోతాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. నమ్మకముంది. అవునంటే చాలు. తలూపినా చాలు. మెడ సిద్ధంగానే ఉంది, ఆరేళ్ళుగా అలవాటున్న కదలికే.

ఆమె కీబోర్డును తన వైపు లాక్కుంది. జాబితా తెరిచింది. పెద్ద తెర మీద ఆమె పేరూ, ఆరేళ్ళ నాటి తేదీ, వాటి కింద ఆ నాలుగు వరుసలూ వచ్చి నిలబడ్డాయి. అదేమిటని పాన్ అడుగుతున్నాడు. జ్యాహోంగ్ అప్పటికే చదువుతున్నాడు.

యూహ్వా నాలుగు వరుసలూ చెరిపేసి, పరీక్షను మళ్ళీ మొదలుపెట్టింది.