రెండు ఖాళీ వరుసలు

మూడు నాలుగు వందల ఏళ్ల నాటి ఐరోపా బరోక్ సంగీతాన్నీ జాజ్‌నూ కలిపి మా అయిదుగురి బృందం కోసం నేనొక రచన చేశాను. నడుమ రెండు వరుసలు ఖాళీగా వదిలి, అక్కడ జాజ్ పద్ధతిలో ఎవరికి తోచింది వారు అప్పటికప్పుడు వాయించాలని సూచించాను. దానితో, పియానోకు తాతలాంటి హార్ప్సికార్డ్ వాయించే మా అక్కకు చిర్రెత్తుకొచ్చింది.

"రాయడానికి బద్ధకమైతే ఒప్పుకోవే! తోచింది వాయించడానికి నేనేమైనా నీ అల్లుడినా? ఎల్లుండి కచేరీకి నేను రాను."

"మధ్యలో నన్నెందుకు లాగుతారు పెద్దత్తయ్యా?" అన్నాడు శాక్సఫోన్ తుడుచుకుంటున్న మా అల్లుడు.

హార్ప్సికార్డ్ లేనిదే బరోక్ లేదు, అక్క లేనిదే ఆ వాద్యం లేదు. కనుక ఆ వరుసల్లో మంద్ర స్వరాలు మాత్రం రాసి, బరోక్ కాలపు ఆనవాయితీ ప్రకారం వాటి కింద అంకెలు వేశాను. ఏ స్వరాలు జత కలపాలో అంకెలు చెబుతాయి. ఎలా వాయించాలన్నది వాయించేవారి ఇష్టం. అక్క చల్లబడింది. మూడుసార్లు వాయించింది, మూడుసార్లూ వేరువేరుగా.

"పెద్దత్తయ్యా, ఇది అచ్చం మా జాజే!"

"చాల్లే నాయనా, నేను అంకెలు చూసి వాయిస్తున్నాను," అని అక్క నావైపు తిరిగింది. "ఏమే, రెండు వరుసలు ఏ మూలకి? ఇంకో నాలుగు వెయ్యి."