పైఊరి కూలీ

మా ఆవిడ వసుమతి నర్సు. పదమూడు వారాలు ఒక ఆసుపత్రి, ఆ తర్వాత ఇంకో ఊరు. ఎక్కడ నర్సులు తక్కువైతే అక్కడికి ఏజెన్సీ పంపుతుంది. ఉండడానికి గదీ వాళ్ళే చూపిస్తారు. ఈ దేశంలో ఉండే వీసా వాళ్ళ చేతిలో ఉంది గనక, పొమ్మన్నచోటికి పోవాల్సిందే. నేను కారు తోలతాను, వండుతాను.

ఎనభై నాలుగులో నేపర్‌విల్‌కి పడమరగా ఓ చిన్న ఊరికి పంపారు. ఏజెన్సీ జగదీష్ ఫోన్‌లో "షార్టేజ్ అక్కా, అంతే" అన్నాడు. మొదటిరోజు ఉదయం ఆరున్నరకి వెళ్ళేసరికి గేటు ముందు నలభైమంది ఆడవాళ్ళు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని తిరుగుతున్నారు. అందరి కాళ్ళకీ తెల్లబూట్లే. ఆ ఆసుపత్రి నర్సులే. సమ్మె.

కారు ఆపేశాను.

"పోనియ్యండి," అంది వసుమతి.

"పోనివ్వను."

మా పేటవాళ్ళు కూలి పెంచమని నాట్లు మానేసిన ఏడు, ఆసామి ఏటి అవతలి నుంచి ట్రాక్టర్‌లో ఆడకూలీలను దించాడు. మా అమ్మ బురద తీసి వాళ్ళ మొహాన కొట్టింది.

"అమ్మ ఉంటే నీ మొహానా కొట్టేది," అన్నాను.

"మీ అమ్మకి పురుడు పోసిందీ నర్సే. ఏడింటికి నేను లోపల లేకపోతే వీసా పోతుంది. అప్పుడు వెళ్ళి ఆ బురదే తొక్కుకుందురు గాని."

దిగి నడిచింది. ఒకతె కారు అద్దం మీద ఉమ్మింది. జుట్టు నెరిసినావిడ వసుమతికి అడ్డం నిలబడింది.

"ఏ వార్డు?"

"మూడో అంతస్తు. కిడ్నీ పేషంట్లు."

ఆవిడ పళ్ళు కొరికింది. "నాలుగో బెడ్ ముసలాయన. ఎడమచేతికి బీపీ కట్టకు, డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి అది. నొప్పి వస్తే నోటితో చెప్పడు, దుప్పటి పిసుకుతాడు."

వసుమతి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. థాంక్స్ అంది.

"నీ థాంక్స్ ఎవడిక్కావాలి? పో లోపలికి, దొంగా!" అని పక్కకి జరిగింది.

నేను కారు దిగి వాళ్ళ వరస చివర నిలబడ్డాను. నెరిసినావిడ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"పెళ్ళాం లోపల, నువ్విక్కడ. రెండువైపులా తింటావా?"

అట్ట ఎవరూ ఇవ్వలేదు. కాఫీ ఫ్లాస్కు నన్ను దాటి పోయింది. సాయంత్రం ఏడుదాకా నిలబడ్డాను.

వసుమతి బయటికొచ్చి నన్ను చూసింది. కారెక్కి తలుపు వేసుకుంది.

"సెక్యూరిటీవాళ్ళు పైనుంచి ఫొటోలు తీస్తున్నారు. మీ మొహం చూసి నన్ను పంపేస్తే?"

"పంపనీ."

"రేపూ నిలబడతారా?"

"ఆ."

"అయితే నన్ను దూరంగా దింపండి. మీరెవరంటే తెలీదంటాను."

ఆ పూట అన్నం ఎవరికి వాళ్ళమే వడ్డించుకున్నాం.

మర్నాడు గేటుకి రెండు వీధుల ఇవతల ఆపమంది. ఆపాను. ముందు తను దిగింది. తను మలుపు తిరిగాక నేను దిగాను.