ఒక్క పిల్ల కోసం సీసా తెరవరు

జీపు ఇటుక బట్టీ వైపు మలుపు తిరగగానే డాక్టరు ఫోన్ చేశాడు.

“సిస్టర్, తట్టు సోకిన పిల్లలు ముగ్గురయ్యారు. ఒకడు పొగగొట్టం దగ్గరి పాకల్లో, ఇంకొకడు కాలువ అవతల, మూడో పిల్ల లారీలు ఆగే చోట. ఎవరికి వారే, ఈ కొసన ఒకరు ఆ కొసన ఒకరు. వీళ్ళు ఎక్కడో ఒకచోట కలిసే ఉంటారు. ఆ చోటేదో కనుక్కోండి. అక్కడ ఇంకెవరున్నారో తర్వాత పడేది వాళ్ళే.”

“అలాగే సార్.”

నర్సు ఒళ్ళో ఉన్న టీకాల పెట్టెను దగ్గరకు లాక్కుంది. ఆమె ఆలోచనంతా డాక్టరు లెక్కలో లేని నాలుగో పిల్ల మీదే ఉంది. ఆ పాపకు ఇంకా ఏడాది నిండలేదు.

ఇటుకలు మోసే ఆ పాప తల్లి, కిందటి నెల పని మానుకుని, ఎండలో నడిచి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. తట్టు టీకా సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది. ఒకసారి కలిపితే ఆ పూటే వాడేయాలి. అంతకు ముందు వారమే, మందు వృథా చేస్తున్నావంటూ డాక్టరు నర్సును అందరి ముందూ కడిగేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

“ఒక్క పిల్ల కోసం సీసా తెరవలేను. బుధవారం నేనే మీ బట్టీకి వస్తా. పిల్లల్ని పోగేసి ఉంచు” అని పంపేసింది.

బుధవారం వచ్చింది. పెద్ద బడికి వెళ్తే సీసాలన్నీ ఖాళీ అవుతాయని నర్సు అటు వెళ్ళింది. బట్టీకి కబురైనా పెట్టలేదు.

“ఏంటమ్మా, పెట్టెను అలా పొదువుకున్నావు? దానికేమన్నా జోల పాడాలా?” అన్నాడు డ్రైవరు.

“తొందరగా పోనీ బాబాయ్.”

“ఈ గోతుల్లో తొందరగా పోతే ముందు పెట్టె దిగుతుంది, వెనక నువ్వు, ఆఖర్న నేను.”

నర్సు నవ్వలేదు. రోగమున్న పిల్లల దగ్గర మసలినా, మూడు రోజుల్లోపు టీకా పడితే ఆగే అవకాశం ఉంది. ఆ పాప వాళ్ళ దగ్గరికి పోకుండా ఉంటే ఇంకా మేలు. బట్టీ వచ్చేదాకా ఆ ఒక్క ఆశనే పట్టుకుని కూర్చుంది.

పచ్చి ఇటుకల వరసల మధ్య మేస్త్రీ ఎదురయ్యాడు.

“ఈ పిల్లలంతా ఎక్కడ కలుస్తారండీ?” అని అడిగింది.

“ఎక్కడా కలవరు. ఎవరి పాక దగ్గర వాళ్ళే మట్టిలో పొర్లుతుంటారు.” అంతలో ఏదో గుర్తొచ్చి మొహం చిట్లించాడు. “ఒక్కసారి మాత్రం కలిశారులెండి. ఒకావిడ పాకపాకకూ తిరిగి పిల్లలందర్నీ తన పాకలో కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. నర్సమ్మ వస్తుందంట. వచ్చిందా, చచ్చిందా? పని చెడిందని తల్లులందర్నీ నేనే తిట్టాల్సొచ్చింది.”

“ఏ రోజు?”

“ఏదో బుధవారం.”

నర్సు పెట్టెను భుజానికి తగిలించుకుని ఆ తల్లి పాక వైపు నడిచింది. డాక్టరు అడిగిన చోటు దొరికిపోయింది.

పాక ముందు పిల్లలు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నారు. జీపును చూడగానే ఆ తల్లి మళ్ళీ పోగేసింది.

“రండి నర్సమ్మా. చాలామందే ఉన్నారు, ఈసారి లెక్క తక్కువ కాదు” అంది. “ఆ రోజూ పోగేశాను. వాళ్ళల్లో ఒక బాబుకి అప్పటికే కళ్ళెర్రబడి ఒళ్ళు కాలిపోతోంది. వాళ్ళమ్మ వద్దంది. నేనే బతిమాలి లాక్కొచ్చా. ఒక్కడు తగ్గినా మీరు సీసా తెరవరేమోనని. తర్వాత వాళ్ళు సొంతూరెళ్ళిపోయారు.”

“మీ పాప ఏది?”

లోపల పాప గోనెపట్టా మీద పడుకుని ఉంది. మూసిన రెప్పల అంచులు ఎర్రబడ్డాయి. చెవుల వెనక మొదలైన దద్దుర్లు మెడ దిగాయి. చెయ్యి వేస్తే నిప్పుల కుంపటి.

“ఈ పాపకి ఇప్పుడు టీకా పనిచెయ్యదు” అంది నర్సు. “జీపులో పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం.”

పాప నోట్లో విటమిన్ చుక్కలు వేసి, బయటికొచ్చి సీసా తెరిచింది. జ్వరం లేని పిల్లలకు ఒక్కొక్కరికీ టీకా వేసింది. వీళ్ళలో ఎవరి ఒంట్లో రోగం అప్పటికే చేరిందో ఆమెకు తెలియదు. సీసా అడుగున కొంచెం మందు మిగిలింది.

తల్లి పాపను భుజాన వేసుకుని ఆ సీసానే చూస్తోంది.

“మిగిలింది ఏం చేస్తారు?”

“పారేయాలి.”

“ఎప్పుడూ అంతేనా?”

“అంతే.”

“అయితే ఆ రోజు నేనడిగింది పారేసే మందేగా నర్సమ్మా” అంది తల్లి. ఆ గొంతులో కోపం లేదు.

జీపు కదిలాక డాక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. “పిల్లలు కలిసిన చోటు తెలిసిందా?”

“తెలిసింది సార్. నేను వస్తానని చెప్పి రాని చోటే. పోగేయమన్నదీ నేనే.”

డ్రైవరు ఒక్కో గోతినీ తప్పిస్తూ నిదానంగా నడిపాడు. జీపు కుదుపుకి పాప సన్నగా మూలిగింది.

“ఇటివ్వు చెల్లీ, కాసేపు నేను ఎత్తుకుంటా” అని నర్సు చేతులు చాపింది.

“వద్దులెండి” అంది తల్లి, పాపను ఇంకా దగ్గరకు లాక్కుంటూ.